ఎండ పందెం తుపాకి

సోమవారం

తుపాకి కాపలా ఈసారి మా ఇంటి వంతు వచ్చింది. కాపలా ఉన్నవాళ్ళు ఏ రోజు సంగతి ఆ రోజు రాసిపెట్టాలని వాడ కట్టుబాటు. నేను చదివింది రెండో తరగతి. రాయగలను గాని మెల్లగా. తప్పులుంటే చదివేవాళ్ళే సర్దుకోవాలి.

ముందు దిగులు రాస్తాను, తర్వాత సంగతి. ఆదివారం పందెం. తుపాకి సరిగ్గా కొట్టడం లేదు.

ఇక సంగతి. మూడు పంటల నుంచి మా కింది వాడకు దీపాల వెలుగే గతి. గట్టు మీది అద్దం పై వాడ వైపు తిరిగి ఉంది. చంద్రుడి మీద మా సొరంగంలో వాడలు రెండు, ఎండను లోపలికి తెచ్చే అద్దం ఒకటి. రెండో అద్దం వచ్చే ఓడలో వస్తుందని మా అత్త బతికున్నప్పటి నుంచీ వింటున్నాను. అత్త పోయింది. ఓడలు వస్తూనే ఉన్నాయి.

అందుకే పంట పంటకూ పందెం. గెలిచిన వాడకు అద్దం తిరుగుతుంది. దీపాల కింద ఆకుకూర వస్తుంది, సొరకాయ వస్తుంది. జొన్న మాత్రం కంకి వేస్తుంది గాని పాలు పోసుకోదు. కోసి చూస్తే అంతా పొల్లే. మా విత్తనాల కుండలో చెయ్యి పెడితే ఇప్పుడు అడుగు తగులుతోంది. ఉన్న ఆ కాసిన్నీ ఈసారి దీపాల కింద చల్లితే అవీ పొల్లు పోతాయి. ఆ తర్వాత మా వాడలో జొన్న ఉండదు, దాని పేరే ఉంటుంది.

పందెం కొట్టేది నా కోడలు అలివేలు. బయట తిరిగేవాళ్ళ గాలి చొక్కాలు కుట్టే చెయ్యి దానిది, వణకదు. ఈ పొద్దున తుపాకి తీసుకుని సొరంగం చివర వేలాడే పళ్ళేల మీద కొట్టింది. మొదటి గుండు ఠంగుమంది. నేను దండం పెట్టుకున్నాను. రెండోది పైకి లేచి కప్పుకు తగిలింది. మూడోది పళ్ళెం దాకా పోకుండానే నేలకు దిగింది. నాలుగోది మళ్ళీ ఠంగుమంది.

"నువ్వు కదిలినవేమో," అన్నాను.

"నేను గాదు, నువ్వు కదుల్తున్నవ్ అత్తా. నా ఎన్క నిలవడి కొంగు పిండుకుంట అటు ఇటు తిరుగుతున్నవ్."

నిజమే. చీర అంచుకు కుట్టిన ఇనుప బిళ్ళలు గలగలమంటూనే ఉన్నాయి. ఇక్కడ ఆ బిళ్ళలు లేకపోతే చీర గొడుగులా పైకి లేస్తుంది. నేను వెళ్ళి దూరంగా కూర్చున్నాను. అయినా గుండ్లు అలాగే పోయాయి, ఒకటి ఆకాశం, ఒకటి పాతాళం.

మంగళవారం

మా మరిది ఆశన్నను పిలిచాను. పంపులూ పంకాలూ బాగుచేసేది ఆయనే. వచ్చీ రాగానే తుపాకి బ్యాటరీ మీద చెయ్యి పెట్టాడు.

"కాలుతున్నది వదినె. నీ నెత్తి లెక్కనే."

"మజాక్ జేసే టైమా ఇది? బాగైతదా, గాదా?"

"తుపాకి బాగైతది. నీ నెత్తికే మందు లేదు."

తుపాకి చిన్నదే. లోపల మోటారు, పళ్ళ చక్రాలు, స్ప్రింగు. స్ప్రింగు గాలిని తోస్తే ఆ గాలి గుండును తోస్తుంది. వంటికి తగిలితే చురుక్కుమంటుంది, అంతే. సొరంగం గోడకు గీత కూడా పడదు. పెద్దలు పందేనికి దీన్ని పెట్టింది అందుకే.

బ్యాటరీ దగ్గర తీగ వదులైందని ఆశన్న కనిపెట్టాడు. తెంపి, గీకి, మళ్ళీ అతికాడు. నొక్కితే మోటారు మా చిన్నప్పటి కుట్టుమిషనులా జుమ్మని పాడింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. అలివేలు నిలబడి కొట్టింది. ఠంగు, కప్పు, నేల, కప్పు.

"ఇంత సేపు నిమ్మలంగ తప్పింది," అంది అలివేలు. "ఇప్పుడు జోరుగ తప్పుతున్నది."

ఆశన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అన్నం కూడా సహించలేదు. కానీ తీగ బాగుపడ్డ మాట నిజం, అందుకని రాస్తున్నాను. తర్వాతి కాపలా వాళ్ళు ఆ తీగ చూసుకోవాలి.

బుధవారం

ఈ రోజు తుపాకి పొట్ట విప్పారు. ఆశన్న మూత తియ్యగానే స్ప్రింగు చెంగున లేచిపోయింది. మా అమ్మ చెప్పేది, భూమి మీదయితే పక్కనే పడుతుందట. ఇక్కడ పడదు. సొరంగం పొడవునా తేలుకుంటూ పోయి పక్కింటి ఈదమ్మ సొరపందిరిలో ఇరుక్కుంది.

ఈదమ్మ నా ఈడుది. బయటికి వచ్చి స్ప్రింగును రెండు వేళ్ళతో పట్టుకుని, "కుర్మమ్మా! మీ తుపాకి పేగులు మా సొరకాయలల్ల పడ్డయి," అని అరిచింది. వాడంతా నవ్వింది. ఇంత పెద్ద పందెం ముందు పెట్టుకుని వీళ్ళకు నవ్వు ఎలా వస్తుందో నాకు తెలియదు.

గొట్టం లోపల పొడుగు పుల్లకు గుడ్డ చుట్టి తోస్తే గుడ్డ నల్లగా, జిడ్డుగా వచ్చింది. వాసన చూశాను. నూనె. పండుగ పూట ఆయుధానికి చుక్క నూనె పొయ్యడం మా వాడలో ఆనవాయితీ. ఇంటింటివాళ్ళూ వచ్చి చుక్క చుక్క పోశారు. ఏళ్ళ తరబడి పోశారు.

గొట్టం మొదట్లో చిన్న రబ్బరు ఉంటుంది. గుండు పోతూ పోతూ ఆ రబ్బరుకు రాసుకుని, వెనక్కి గిరగిరా తిరుగుతూ ముందుకు పోతుంది. ఆ తిరుగుడు గుండును కింద పడకుండా మోస్తుంది. రబ్బరును తుపాకి పక్కనున్న మర నొక్కుతుంది. మర బిగిస్తే తిరుగుడు ఎక్కువ, గుండు లేస్తుంది. వదులు చేస్తే తక్కువ, గుండు వంగుతుంది. ఇదంతా ఆశన్న నాకు నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారికి అర్థమైంది.

"నూనె జిడ్డుకు రబ్బరు మీద గుండు జారుతున్నది వదినె. ఇగ తిరుగుడు యాడికెల్లి వస్తది?"

రబ్బరును సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాము. ఎవరైనా మళ్ళీ నూనె తెస్తారేమోనని నేను పొద్దంతా పక్కనే కూర్చున్నాను. ఇద్దరు తెచ్చారు. ఇద్దరినీ తోలేశాను.

కూర్చి కొడితే కప్పుకు తగిలేవి తగ్గాయి. తగ్గాయి గాని పోలేదు. మంచి దెబ్బలు రెండు వరసగా పడతాయి, మూడోది మూతి తిప్పుకుంటుంది.

గురువారం

పొద్దున్నే అత్తాకోడళ్ళకు మాటామాటా వచ్చింది. "గుండు పోయేటప్పుడు ఊపిరి బిగవట్టు," అన్నాను. "నువ్వు మాట బిగవట్టు," అంది. కొడుకు రెండిళ్ళ అవతల పంపు దగ్గరికి పారిపోయాడు.

కోపంలో అలివేలు గుండ్ల డబ్బీ నింపబోతే, పోయిన పందెం గుండ్లున్న గంగాళం అందుబాటులో లేదు. ఎవరో తుడిచి పెడతామని తీసుకుపోయారు. నేను నిన్న మా ఇంటి పిడికిలికని చేసిన గుండ్లు పళ్ళెంలో ఆరుతున్నాయి. అవే పోసుకుని పోయింది.

పిడికిలి అంటే ఏమిటో రాయాలి. పందేనికి ఇంటింటికీ ఒక పిడికిలి గుండ్లు ఇవ్వాలి. ఇక్కడి బూడిద మన్నును గంజితో పిసికి, వాడ అచ్చులో ఒత్తి ఆరబెడతాము. అందరివీ ఒకే గంగాళంలో పోసి, పెద్ద వయసు వాళ్ళు రెండు చేతులతో కలుపుతారు. ఎవరి పిడికిలినీ వద్దనకూడదు. ఎండ అందరిదీ కదా, గుండూ అందరిదీ.

మా ఇంటి గుండ్లతో అలివేలు కొట్టింది. ఠంగు. ఠంగు. ఠంగు. నేను గిన్నె కడుగుతున్నదాన్ని ఆగి విన్నాను. ఠంగు. తప్పిందేమైనా ఉందా అని చెవి రిక్కించాను. మళ్ళీ ఠంగు! తడి చేతులతోనే పరుగెత్తాను. ఇక్కడ పరుగంటే ఒక్కో అడుగుకూ ఇంత ఎత్తు ఎగరడం, నా మోకాళ్ళకు అది మంచిది కాదు. అయినా పరుగెత్తాను.

"అత్తా, ఏం బెట్టినవ్ ఇండ్ల?"

"మన్నే బెట్టిన! మన్ను, గంజి!"

గంగాళం తిరిగి వచ్చాక అందులోంచి పోసి కొట్టాము. కప్పు, ఠంగు, నేల. మళ్ళీ మా ఇంటివి కొట్టాము. వరసగా ఠంగులే. ఆశన్న వచ్చి రెండు రకాలూ చేతిలో పోసుకుని చూశాడు. సైజు ఒకటే, అచ్చు ఒకటే. కానీ ఒక ఇల్లు గంజి ఎక్కువ పోస్తుంది, ఒక ఇల్లు మన్ను గట్టిగా కూరుతుంది, ఒకరు నీడన ఆరబెడతారు, ఒకరు వేడి గొట్టం మీద. పైకి అన్నీ ఒకటే. లోపల ఒకటి దూది, ఒకటి రాయి. తేలిక గుండును రబ్బరు ఎగరేస్తోంది, బరువు గుండును మొయ్యలేకపోతోంది.

తుపాకికి రోగం లేదు! అలివేలు నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. దింపమని అరిచాను. కప్పుకు తల తగులుతుందని నా భయం.

శుక్రవారం

నిన్నటి సంతోషం పొద్దు పొడిచేలోపు దిగులయింది. వాడ కూడింది.

అలివేలు లేచి, "ఒక్క మా ఇంటి గుండ్లే కొడ్త. ఎండ మనదే," అంది.

 ఈదమ్మ లేచింది. "అంటే మా పిడికిలి తీసి పారేస్తవా బిడ్డా?"

"పారెయ్య పెద్దమ్మా. పక్కకు వెడ్త."

"పక్కకు వెట్టుడంటే పారేసుడే. రేపు ఎండ వచ్చినంక నా ఇంటి మీద పడితె, అది నా ఎండెట్లైతది?"

అలివేలు కూర్చుంది.  నా పిడికిలి పక్కకు పెడితే నేనైతే వారం రోజులు ఏడుస్తాను.

ఆశన్న ఇంకో దారి చెప్పాడు. "కలపకుంట ఇండ్ల వారీగ డబ్బీలు నింపుదం. ఒక్కో ఇంటి గుండ్లకు ఒక్కో తీరు మర తిప్పుదం. అందరియీ కొట్టినట్టైతది."

వాడ తల ఊపబోయింది. ఈదమ్మ ఊపలేదు.

"ఎన్కట గట్లనే కొడుతుండెనంట ఆశన్నా. మా అత్త జెప్పేది. ఓసారి ఆఖరి గుండు తప్పింది. అది ఎవలింటిదో అందరికి ఎరుకే. ఆ ఇంటోళ్ళ పొయ్యిలకు ఎవ్వలు నిప్పు గూడ ఇయ్యలేదంట. అప్పట్నుంచే గంగాళంల కలుపుడు వచ్చింది. తప్పింది ఎవలిదో తెల్వొద్దని."

ఈ సంగతి నాకు తెలియదు. చాలామందికి తెలియదు. కలపడం ముచ్చట కోసమనుకున్నాము.

"అయితె ఓడుదం," అంది అలివేలు. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. "అందరం గల్సి, ఎవలి మీద మాట రాకుంట, మంచిగ ఓడుదం." అని వెళ్ళిపోయింది.

ఈదమ్మ తప్పు చెప్పలేదు. నా కోడలూ తప్పు చెప్పలేదు. ఇద్దరూ ఒప్పే అయితే ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. కట్టుబాటు ప్రకారం అందరి పిడికిళ్ళూ గంగాళంలో పడ్డాయి. ఈసారి కలపడం నా వంతు. కలిపాను.

శనివారం

గెలుస్తామో ఓడతామో, విత్తనం మాత్రం సిద్ధంగా ఉండాలని కుండ దించాను. ఉన్న ఆ కాసిన్ని జొన్నలూ చాటలో పోసుకుని గాలి గొట్టం ముందు నిలబడి చెరిగాను. ఇక్కడ చెరగడం వేరు. చాట ఎగరేస్తే గింజలు తొందరగా కిందికి రావు, నిదానంగా దిగుతాయి. గొట్టం గాలికి పొల్లు ముందుకు కొట్టుకుపోతుంది, గట్టి గింజ తిరిగి చాటలోకి వస్తుంది. సగం సగం పాలు పోసుకున్నవి రెండింటికీ నడుమ పడతాయి.

నడుమ పడుతున్నాయి.

చాట అలాగే పట్టుకుని నిలబడిపోయాను. జొన్నలన్నీ జాగ్రత్తగా కుండలో పోశాను, ఒక్కటి కూడా కింద పడకుండా. తర్వాత గంగాళం దగ్గరికి పోయి, ఒక చాటెడు గుండ్లు తెచ్చి గొట్టం ముందు ఎగరేశాను.

దూది గుండ్లు దూరంగా పోయి పడ్డాయి. రాతి గుండ్లు చాటలోనే దిగాయి. నడిమివి నడుమ పడ్డాయి.

"ఆశన్నా! అలివేలూ! ఓ ఈదమ్మా!"

ఎవరికో పాము కరిచినట్టు అరిచానట. ఇక్కడ పాములు లేవు, అయినా అందరూ వచ్చారు. ఇంకో చాట ఎగరేసి చూపించాను. ఆశన్న నోరు తెరుచుకుని చూశాడు. అలివేలు కింద కూర్చుని మూడు కుప్పలు చేసింది. ఏ కుప్పలోనైనా అన్ని ఇళ్ళవీ ఉండొచ్చు. ఏది ఎవరిదో కలిపిన నాకే తెలియదు. ఒక్క పిడికిలి తీసెయ్యలేదు, ఒక్క పేరు పెట్టలేదు.

ఈదమ్మ వంగి మూడు కుప్పలనూ చూసింది. "నాయి ఏ కుప్పల ఉన్నయే?"

"నాకెట్ల ఎరుక? ఎరుక గావొద్దనే గద కలిపింది."

 ఈదమ్మ ఇంట్లోకి పోయి తన చాట తెచ్చుకుంది. దాని వెనక ఇంకో నలుగురు తెచ్చుకున్నారు. గాలి గొట్టం ముందు చాటలే చాటలు. నేను అందరి వెనకా తిరుగుతూ, "మెల్లగ, మెల్లగ," అంటూనే ఉన్నాను. ఎవరూ వినలేదు, అయినా బాగానే చెరిగారు.

మూడు డబ్బీలు నింపాము. తేలికవాటికి మర వదులు, నడిమివాటికి కొంచెం బిగువు, బరువువాటికి గట్టి బిగువు. ఆశన్న మర పక్కన మూడు గీతలు గీశాడు. అలివేలు కొట్టి చూసింది. ఏ డబ్బీ పెట్టినా ఠంగు. నాకు మళ్ళీ దిగులు. ఇంత బాగుంటే రేపటికి ఏమవుతుందోనని.

ఆదివారం

తొందరలో అక్షరాలు వంకరగా వస్తున్నాయి. ఇప్పుడే రాస్తే అన్నీ గుర్తుంటాయని రాస్తున్నాను.

పెద్ద సొరంగం నిండా జనం. పై వాడ తరఫున కొట్టేది జమ్ములయ్య. మంచి పిల్లవాడు, నన్ను చూడగానే, "పెద్దమ్మా, బుక్క తిన్నవా?" అని అడిగాడు. తినలేదు. తిన్నానని చెప్పాను. మూడుసార్లు వరసగా ఎండను తీసుకుపోయింది ఈ పిల్లవాడే.

ఇటు తొమ్మిది పళ్ళేలు, అటు తొమ్మిది. మనమొక దెబ్బ, వాళ్ళొక దెబ్బ. ముందు తన తొమ్మిదీ పడగొట్టిన వాళ్ళకు అద్దం.

అలివేలు నడిమి డబ్బీతో మొదలుపెట్టింది. పళ్ళెం పడింది. జమ్ములయ్యదీ పడింది. పడుతున్న కొద్దీ మా వాళ్ళు లెక్క పెడుతూ అరుస్తున్నారు. నేను కళ్ళు మూసుకుని చెవులతో చూశాను. నడిమివి అయిపోయాయి. తేలికవి పెట్టింది, మర వదులు చేసింది. ఠంగు. జమ్ములయ్య ఒకటి తప్పాడు, వాళ్ళ గుండు పైకి లేచి పోయింది. మా వాడ గంతులేసింది. వాళ్ళదీ మా రోగమే కాబోలు! తర్వాత తేలిక గుండు ఒకటి డబ్బీలోనే అడ్డం పడి ఇరుక్కుంది, మాకూ ఒక దెబ్బ వృథా అయింది. మళ్ళీ సమానం.

చివరికి వాళ్ళకొకటి మిగిలింది, మాకొకటి మిగిలింది. దెబ్బ మాది.

ఇరుక్కున్న డబ్బీ తీసి అలివేలు బరువు డబ్బీ పెట్టింది. తుపాకి ఎత్తింది. మర తిప్పలేదు! తొందరలో మరిచింది. మర ఇంకా తేలిక గీత మీదే ఉంది. "బిగియ్యే!" అని అరిచాను. ఆ గోలలో నా గొంతు నాకే వినపడలేదు. గుండు పోయింది. పళ్ళెం దాకా పోకుండానే వంగి నేల మీద పడి దొర్లింది.

మా వాడ మొత్తం ఊపిరి ఆపింది. నేను చూశాను, ఒక్కరు కూడా పక్కవాళ్ళ మొహం వైపు తిరగలేదు. ఆ గుండు ఎవరిదో ఎవరికీ తెలియదు.

జమ్ములయ్య ఎత్తాడు. నేను దేవుణ్ణి అడిగాను, ఏం అడిగానో రాయను. గుండు పళ్ళెం అంచుకు రాసుకుంటూ పోయింది. పళ్ళెం ఊగింది. ఊగింది. ఆగింది. పడలేదు.

అలివేలు నా వైపు చూసింది. నేను పిడికిలి పైకెత్తి, పంపు బిరడా బిగించినట్టు గట్టిగా తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. చూసిన పై వాడ వాళ్ళు ముసల్దానికి ఫిట్స్ వచ్చాయనుకున్నారట. అలివేలు మర మీద చూపు పెట్టింది. గీత దాకా బిగించింది. ఊపిరి బిగబట్టింది.

ఠంగు.

పళ్ళెం కొక్కెం నుంచి ఊడి, నిదానంగా, ఇక్కడ అన్నీ పడినట్టే నిదానంగా కిందికి దిగింది. అది నేలను తాకేదాకా ఎవరూ అరవలేదు. తాకాక చెవులు పోయాయి. ఈదమ్మ నన్ను వాటేసుకుని, "అది నాదేనే! ఆఖరిది నాదే!" అంది. పక్కనుంచి ఇంకెవరో, "కాదు, మాది!" అన్నారు. వెనక నుంచి ఇంకొకరు. ఆశన్న, "అందరిదీ ఒకటే గుండు, ఎన్ని ఇండ్లల్ల వుట్టింది సామీ!" అన్నాడు.

జమ్ములయ్య వచ్చి అలివేలు చెయ్యి పట్టుకుని ఊపాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"కొత్త తుపాకి దెచ్చిన్రా పెద్దమ్మా?"

"అదే తుపాకి బిడ్డా. చాటలు పాతయే."

అతనికి అర్థం కాలేదు. వచ్చే పందెం లోపు వచ్చి అడుగుతాడు. అడిగితే చెప్పకుండా ఉండగలనా? చెబితే మళ్ళీ ఓడతామా? ఆ దిగులు తర్వాత పడతాను. ఇప్పుడు తీరిక లేదు.

ఎందుకంటే అద్దం తిరుగుతోంది. పైన మరలు కదిలిన చప్పుడు గోడల్లో వినిపించింది. వాడ మొదట్లో తెల్లటి గీత ఒకటి పడింది, అది వెడల్పవుతూ వస్తోంది. మొదటి ఇంటి గడప మీద ఎండ పడగానే ఆ ఇంటావిడ కెవ్వుమంది. మూడు పంటల దుమ్ము! దీపాల వెలుగులో ఎవరికీ కనపడని దుమ్ము గోడల మీద, గడపల మీద మెత్తగా పరుచుకుని ఉంది. ఎండతో పాటు పై వాడ వాళ్ళు కూడా చూడ్డానికి వస్తారు. వాడలో ఆడా మగా అందరూ చీపుర్లు పట్టుకుని పరుగు. ఈదమ్మ సొరపందిరిని కూడా తుడుస్తోంది. అలివేలు తుపాకి భుజాన వేసుకునే నీళ్ళు చల్లుతోంది.

నేను కూర్చుని రాస్తున్నానని లోపలి నుంచి కొడుకు కేకలేస్తున్నాడు. వెలుగు మూడో ఇంటికి వచ్చింది. మాది ఐదో ఇల్లు. వాకిలి ఇంకా ఊడవలేదు.